మొరాకో దస్తర్‌ఖాన్: స్టార్ హోటల్‌లో ఏం వడ్డిస్తారు, ఏం అడగాలి

సామర్లకోట జంక్షన్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ చేరి, అక్కణ్నుంచి దుబాయ్‌కో దోహాకో విమానం పట్టుకునేవాళ్లు మన ఇళ్లలో కొత్త కాదు. వెళ్లి నాలుగేళ్లు నిలదొక్కుకున్నాక పిల్లలు చేసే మొదటి పని అమ్మీని, అబ్బాని విజిట్ వీసా మీద పిలిపించుకోవడం. బుర్జ్ ఖలీఫా చూపిస్తారు, గోల్డ్ సూక్ తిప్పుతారు. తిరుగు ప్రయాణానికి ఒకరోజు ముందు "ఈ రాత్రి మంచి హోటల్‌లో తిందాం" అంటారు. అరబ్బు దేశపు భోజనమే కదా, మనవాళ్ల వంటే కదా అని మొరాకన్ రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేస్తారు.

ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. మెనూ కార్డులో ఒక్క పేరూ తెలిసింది కాదు. పక్క టేబుల్ మీద వైన్ గ్లాసులు. ధరలు దిర్హమ్‌లలో ఉంటే మనసు రూపాయల్లో లెక్క కడుతూ ఉంటుంది. అబ్బా కార్డు పక్కన పెట్టేసి "నాకు పెద్దగా ఆకలి లేదు బేటా" అంటారు. ఆకలి లేక కాదు, ధర చూసి.

ఆ మాట అనాల్సిన అవసరం లేకుండా, ఏది ఏమిటో ముందే తెలుసుకుని వెళ్లడానికి ఈ వివరాలు. ఒక్క సంగతి మొదట్లోనే చెప్పుకుందాం. ఎంత పెద్ద హోటల్‌లో వడ్డించినా మొరాకో వంట అసలు ఇంటి వంట. మన అమ్మీ, నానీల వంటకు అది చాలా దగ్గరి చుట్టం. భయపడాల్సిన భోజనం కాదు.

ఇది ఎవరి వంట

మొరాకో ఆఫ్రికా ఖండానికి వాయవ్య మూలన ఉంది. ఒక వైపు అట్లాంటిక్, ఇంకో వైపు మధ్యధరా సముద్రం, కింద సహారా ఎడారి. అక్కడి మూలవాసులు అమాజిగ్ జనం, బెర్బర్లని బయటివాళ్లు పిలుస్తారు. కుస్‌కుస్, మట్టిపాత్రలో మెల్లగా ఉడికే కూర వాళ్ల నుంచి వచ్చాయి. ఇస్లాంతో పాటు వచ్చిన అరబ్బులు తూర్పు దేశాల సుగంధ ద్రవ్యాలు, మాంసంలో ఎండు ఫలాలు కలిపే అలవాటు తెచ్చారు. 1492లో గ్రనాడా పోయాక, మళ్లీ 1609 నుంచి స్పెయిన్ వెళ్లగొట్టాక, అందలూసియా ముస్లింలు, యూదులు లక్షల్లో ఉత్తర ఆఫ్రికాకు వచ్చిపడ్డారు. ఇల్లూ పొలమూ అన్నీ వదిలేసి వచ్చినవాళ్లు వంటను మాత్రం వదలలేదు. ఫెస్, తెతువాన్, రబాత్ నగరాల్లో ఈ రోజుకీ ఆ చేతివాటం కనిపిస్తుంది.

ఈ వంట రాజభవనాలకు చేరాక దాన్ని కాపాడింది మాత్రం 'దాదా'లు. మన దగ్గర దాదా అంటే తాతయ్య. అక్కడ దాదా అంటే పెద్ద ఇళ్లలో వంట చూసుకునే స్త్రీ. వీళ్లలో చాలామంది సహారాకు దక్షిణాన ఉన్న దేశాల నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్లు, లేదా వాళ్ల సంతానం. పుస్తకం లేదు, కొలత లేదు. చూసి నేర్చుకోవడమే, చేతి అంచనాతో వండటమే. సుల్తాన్ల విందులను ప్రపంచం మెచ్చుకుంది గానీ వండిన వాళ్ల పేర్లు ఎక్కువగా దక్కలేదు. ఈ సంగతి ఏ హోటల్ మెనూలోనూ రాసి ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

చాలాకాలం మొరాకోలో మంచి భోజనం అంటే ఎవరి ఇంట్లోనో దావత్. డబ్బు కట్టి బయట తినే గొప్ప భోజనం అనే మాటే లేదు. దాన్ని హోటళ్లు తెచ్చాయి. మరాకెష్ నగరంలోని లా మామూనియా 1923 నుంచి నడుస్తున్న హోటల్. 18వ శతాబ్దంలో సుల్తాన్ తన కొడుకు మామూన్‌కు పెళ్లి కానుకగా ఇచ్చిన తోటలో కట్టారని చెబుతారు, పేరు అలా వచ్చింది. బ్రిటన్ ప్రధాని చర్చిల్ అక్కడ దిగి బొమ్మలు వేసుకునేవాడు. అదే నగరంలో రాజు ఆరవ మొహమ్మద్ కట్టించిన రాయల్ మన్సూర్ 2010లో తెరిచారు. గదులు కాదు, ఒక్కో అతిథికి లోపల ముంగిలితో సహా ఒక్కో ఇల్లే ఇస్తారు. అక్కడి మొరాకన్ రెస్టారెంట్‌ను ఆ దేశపు వంటకు పెద్ద పీటగా లెక్కిస్తారు. సరిగ్గా అదే 2010లో మన హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్‌ను తాజ్ సంస్థ హోటల్‌గా తెరిచింది. ఒకేసారి 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉన్నది అక్కడే. వికారుల్ ఉమ్రా కట్టించిన, ఆరో నిజాం కొన్న భవనం అది. అక్కడా ఇక్కడా జరిగింది ఒకటే. దర్బారు భోజనం టికెట్టు కొన్నవాడికీ అందుబాటులోకి వచ్చింది.

మరాకెష్‌లోనే అల్ ఫాసియా అని ఇంకో పేరున్న రెస్టారెంట్ ఉంది. అది నడిపేది ఆడవాళ్లు, వంట చేసేది ఆడవాళ్లు, వడ్డించేది కూడా వాళ్లే. సముద్రాలవతల శాన్‌ఫ్రాన్సిస్కోలో మురాద్ లహ్లూ అనే మొరాకో కుర్రాడు, ఎకనామిక్స్ చదవడానికి వెళ్లినవాడు, ఇంటి భోజనం మీద బెంగతో వంట నేర్చుకుని 2001లో ఓ రెస్టారెంట్ పెట్టాడు. తల్లి పేరే పెట్టుకున్నాడు, అజీజా అని. తర్వాత దానికి మిషెలిన్ నక్షత్రం వచ్చింది.

మనవాళ్లకు దగ్గర్లో ఎక్కడ అంటే, దుబాయ్‌లో వన్ అండ్ ఓన్లీ రాయల్ మిరాజ్ హోటల్‌లో ఉన్న తాజిన్ రెస్టారెంట్ పేరు మొదట చెప్పాలి, అచ్చంగా మొరాకో వంటకే పెట్టింది. మన దేశంలో ముంబై తాజ్ మహల్ ప్యాలెస్ పైఅంతస్తులో సూక్ ఉండేది. అక్కడ లెబనాన్, మొరాకో, ఆ చుట్టుపక్కల దేశాల వంటలన్నీ కలిపి ఉండేవి. హైదరాబాద్ పెద్ద హోటళ్లలో అప్పుడప్పుడూ పది రోజుల ఫుడ్ ఫెస్టివల్‌గా పెడుతుంటారు, పేపర్లో ప్రకటన చూసుకోవాలి.

కూర్చున్నాక వరసగా ఏం వస్తాయి

ముందు చేతులు కడిగిస్తారు. మంచి చోట ఇత్తడి గిన్నె, పొడుగు మూతి కెటిల్ పట్టుకుని మనిషి టేబుల్ దగ్గరికే వస్తాడు. నీళ్లలో నారింజ పువ్వుల అర్కం వేసి ఉంటుంది. మన పెద్ద దావత్‌లలో సిలఫ్చీ, ఆఫ్తాబా తిప్పడం చూసినవాళ్లకు ఇందులో కొత్తేం లేదు. అమ్మీ వెంటనే గుర్తుపడతారు. కొన్నిచోట్ల స్వాగతంగా ఖర్జూరం, పాలు ఇస్తారు.

తర్వాత 'సలాడ్లు' అంటారు. పచ్చి ఆకులు కావు, ఉడికించిన కూరగాయల చిన్నచిన్న గిన్నెలు. ఐదో ఆరో ఒకేసారి పెడతారు. జాలూక్ అని వస్తుంది, కాల్చిన వంకాయ, టమాటా, వెల్లుల్లి, జీలకర్ర వేసి మెదిపింది. గోదావరి జిల్లాలవాళ్లకు ఇంకేం చెప్పాలి, కాల్చిన వంకాయ పచ్చడే, కారం తగ్గించి ఆలివ్ నూనె పోసినట్టు. తక్తూకా అంటే కాల్చిన క్యాప్సికమ్, టమాటా. క్యారెట్‌ను జీలకర్ర, కొత్తిమీరతో చేస్తారు. వీటిని గుండ్రటి గోధుమ రొట్టెతో తినాలి, దాన్ని ఖుబ్జ్ అంటారు. చమచా వాడినా తప్పు లేదు గానీ కుడిచేత్తో, మూడు వేళ్లతో, బిస్మిల్లా అని మొదలెట్టడమే అక్కడి మర్యాద. ఫైవ్ స్టార్‌లో చేత్తో తింటే ఏమనుకుంటారో అనే సంకోచం ఈ ఒక్క రెస్టారెంట్‌లో అక్కర్లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. అన్నం రాదు. మొరాకోలో రోజువారీ తిండి రొట్టె, వారానికోసారి కుస్‌కుస్. బియ్యం మిల్లుల మధ్య పుట్టి పెరిగినవాడు రెండు గంటలు అన్నం కోసం ఎదురుచూసి నీరసపడకుండా ముందే చెబుతున్నాం. రొట్టె అడిగినన్ని ఇస్తారు.

పేరులో 'హరీరా' కనబడితే మన ఇళ్లలో బాలింతలకు బాదం, రవ్వ, నెయ్యితో కాచి ఇచ్చే హరీరా అనుకోకండి. పేరు ఒకటే, వస్తువు వేరు. అక్కడ హరీరా అంటే శనగలు, మసూర్ పప్పు, టమాటా, కొత్తిమీర, కొద్దిగా మాంసం వేసి కాచి, చివర పిండి నీళ్లతో చిక్కబరిచిన సూప్. రంజాన్‌లో మగ్రిబ్ అజాన్ కాగానే మొరాకోలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే. పక్కన ఖర్జూరం, తేనెలో ముంచిన షెబ్బాకియా అనే నువ్వుల మిఠాయి. ఒక గిన్నె తాగితే కడుపు సగం నిండుతుంది. ముసలివాళ్లకు, నమలలేనివాళ్లకు ఇంతకంటే మంచి వంటకం ఆ మెనూలో లేదు, ధర కూడా తక్కువలోనే ఉంటుంది.

బస్తీలా గురించి కాస్త ఆగి చెప్పాలి. మొరాకో వంటలో గొప్పతనం అంతా ఇందులో ఉందంటారు, మొదటిసారి తినేవాళ్లు బెదిరిపోయేది కూడా ఇక్కడే. వర్ఖా అనే పిండి పొరలు, మన ఆత్రేయపురం పూతరేకుకు అన్నదమ్ములనిపించేంత పల్చన. పూతరేకును బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యప్పిండి జావతో తీస్తాం, వాళ్లు వేడి పళ్లెం మీద గోధుమపిండి ముద్దను చేత్తో అద్దుతూ తీస్తారు. ఆ పొరల మధ్యలో కోడిమాంసం, పాతపద్ధతిలో అయితే పావురం మాంసం, ఉల్లి, కుంకుమపువ్వు, గుడ్డు, వేయించిన బాదం పలుకులు. పైన చక్కెర పొడి, దాల్చినచెక్క పొడి చల్లుతారు. మాంసం మీద చక్కెరా! మొదటి ముద్దకు మొహం చిట్లించని వాడు లేడు. రెండో ముద్ద నుంచి సంగతి మారుతుంది. మన ఖుబానీ గోష్త్ ఇష్టపడేవాళ్లకు ఇది తొందరగా పడుతుంది. నలుగురికి ఒకటి చాలు. పావురమా, కోడా అని ముందు అడిగి తెలుసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు ఉంటే పైన చక్కెర చల్లకుండా తెమ్మనొచ్చు, అందులో నామోషీ ఏం లేదు.

తాజిన్ అంటే పాత్ర పేరూ అదే, కూర పేరూ అదే. గుండ్రటి మట్టి పళ్లెం, పైన శంఖంలాంటి పొడుగు మూత. ఆవిరి పైకి పోయి మూతకు తగిలి నీరై మళ్లీ కూరలోనే పడుతుంది. అందుకే నీళ్లు చాలా తక్కువ పోసి బొగ్గుల మీద గంటల తరబడి వదిలేస్తారు. నీళ్లకు ఇబ్బందిగా ఉండే నేలలో పుట్టిన ఉపాయం అది. కోడి, ఊరబెట్టిన నిమ్మకాయ, ఆలివ్‌లతో చేసేది ఒకటి. పొట్టేలు మాంసం, ఎండు రేగుపళ్ల లాంటి ప్రూన్స్, బాదంతో తియ్యగా చేసేది ఇంకొకటి. చేపతో కూడా చేస్తారు. కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర, నిమ్మరసం కలిపిన షర్మూలా అనే ముద్ద పట్టిస్తారు, పులస తిన్న నాలుకకు అది చప్పగానే అనిపిస్తుంది, మొహమాటం లేకుండా చెబుతున్నాం. మొదటిసారి వెళ్లినవాళ్లు నిమ్మకాయ కోడితో మొదలెట్టడం క్షేమం.

ఏ కూర తీసుకున్నా కారం ఉండదు. అల్లం పొడి, మిరియాలు, పసుపు, దాల్చినచెక్క, కుంకుమపువ్వు, వీటి వాసనే ప్రధానం. రాస్ ఎల్ హానూత్ అని మెనూలో కనబడితే అది మసాలా పొడి. మాటకు అర్థం 'దుకాణం తల', అంటే అంగడివాడి దగ్గరున్న వాటిలో మేలైనవన్నీ కలిపిందని. ఇరవై ముప్పై దినుసులు పడతాయి, మన పొట్లీ మసాలా లాగ ఎవడి లెక్క వాడిది. కారం కావాలంటే హరీసా అడగండి, ఎర్ర మిరప ముద్ద. అది అసలు ట్యూనీషియాది అయినా అన్నిచోట్లా దొరుకుతుంది.

తంజియా అని ఉంటే, అది మరాకెష్ మగవాళ్ల వంట. కూజాలాంటి మట్టి కుండలో మాంసం, స్మెన్ అనే పాత నెయ్యి, నిమ్మకాయ, జీలకర్ర వేసి మూతికి కాగితం కట్టి, హమ్మాం నీళ్లు కాచే పొయ్యి బూడిదలో రాత్రంతా పాతిపెడతారు. హోటల్‌లో హమ్మాం బూడిద ఎక్కడిది, ఓవెన్‌లో చేస్తారు. అయినా బాగుంటుంది.

కుస్‌కుస్ చివర్లో వస్తుంది. గోధుమ రవ్వను చేత్తో నీళ్లు చల్లి నలిపి చిన్న పూసలుగా చేసి, కింద మాంసం, కూరగాయలు ఉడుకుతుంటే పైగిన్నెలో ఆ ఆవిరి మీదే ఉడికిస్తారు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు దించి, విదిలించి, వెన్న రాసి మళ్లీ ఎక్కిస్తారు. మన ఆవిరి కుడుము పద్ధతి, ఓపిక మాత్రం నాలుగింతలు. మొరాకో అంతటా జుమా నమాజ్ తర్వాత ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినేది ఇదే, బీదవాళ్లకు కూడా పంచిపెడతారు. 2020లో మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, మౌరిటానియా నాలుగు దేశాలూ కలిసి దీన్ని యునెస్కో వారసత్వ జాబితాలో రాయించాయి. సరిహద్దు గొడవలున్న పొరుగువాళ్లు కుస్‌కుస్ దగ్గర ఒక సంతకం పెట్టడం చిన్న విషయం కాదు. ఐదు నిమిషాల ప్యాకెట్ కుస్‌కుస్ తిని 'ఉప్మాయే కదా' అనేవాళ్లు ఆవిరి మీద చేసింది ఒక్కసారి తినాలి. శుక్రవారం వెళ్లగలిగితే మంచిది, చాలాచోట్ల ఆ రోజు ప్రత్యేకంగా చేస్తారు.

చివరికి పుదీనా చాయ్. చైనా నుంచి వచ్చే గ్రీన్ టీ, గుప్పెడు పుదీనా, బోలెడు చక్కెర. ఇది తాతల కాలం నాటిదనుకుంటాం గానీ మొరాకోలో సామాన్యుల ఇళ్లకు చేరింది 19వ శతాబ్దంలోనే. 1850లలో క్రిమియా యుద్ధం వల్ల సరుకు అమ్ముడుపోక ఇంగ్లీషు వర్తకులు టాంజియర్ రేవుకు మళ్లించిన టీ అది. కెటిల్ ఎత్తుగా పట్టుకుని పోస్తారు, గ్లాసులో నురగ రావాలి. చక్కెర ముందే కలిపి ఉంటుంది కాబట్టి వద్దనుకుంటే కాచకముందే చెప్పాలి.

హలాల్ సంగతి

మొరాకో ముస్లిం దేశం, వంట ముస్లింల వంట. సంప్రదాయ పద్ధతిలో ఏ కూరలోనూ వైన్ పడదు. అంతవరకు నిశ్చింత. కానీ వంట వేరు, హోటల్ వేరు. దుబాయ్‌లో అయినా ముంబైలో అయినా, ఆ మాటకొస్తే మరాకెష్‌లోనైనా, స్టార్ హోటల్ రెస్టారెంట్లలో మద్యం అమ్ముతారు. కొత్తతరం చెఫ్‌లు సాస్‌లో, డెజర్ట్‌లో వైన్ వాడే అవకాశం ఉంది. కాబట్టి అడగడమే. గల్ఫ్‌లో, ముంబైలో వడ్డించేవాళ్లలో హిందీ, ఉర్దూ వచ్చినవాళ్లు ఎక్కువ. "గోష్త్ హలాల్ హై? కిసీ డిష్ మే షరాబ్ తో నహీ?" అని రెండు ముక్కలు చాలు. డెజర్ట్ విషయంలో జెలటిన్ దేనిదో కూడా అడగండి. మంచి హోటల్‌లో ఈ ప్రశ్నకు విసుక్కోరు. లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి చెబుతారు. తెలియదని తేలిగ్గా కొట్టిపారేస్తే ఆ వంటకం వదిలేయండి.

మద్యం తిరిగే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోకూడదన్న హదీసు మనందరికీ తెలిసిందే. మన టేబుల్ మీద లేకపోతే చాలా, అదే గదిలో ఉన్నా కూడదా అన్నదానికి మీరు నమ్మే ఆలింను అడిగి నిర్ణయించుకోవాలి, వంట వ్యాసం తేల్చేది కాదు. మనసు ఒప్పుకోనివాళ్లకు దారి మూసుకుపోలేదు. షార్జాలో హోటళ్లలో కూడా మద్యం అమ్మరు, కువైట్‌లోనూ అంతే. ఉమ్రాకు వెళ్లినప్పుడు మక్కా, మదీనా పెద్ద హోటళ్ల బఫేలలో మొరాకన్ వంటకాలు తగలొచ్చు, అక్కడ ఈ దిగులే ఉండదు. రంజాన్‌లో హోటళ్లు పెట్టే ఇఫ్తార్ బఫే అయితే మనిషికి ఇంత అని ఒకే ధర ఉంటుంది, బిల్లు భయం ఉండదు, మగ్రిబ్ నమాజ్‌కు చోటు ఎక్కడో ముందే కనుక్కోవచ్చు.

బుక్ చేసేటప్పుడు ఇంకో రెండు విషయాలు అడగాలి. డ్యాన్స్ షో ఉందా అని ఒకటి. బెల్లీ డ్యాన్స్ మొరాకో సంప్రదాయం కాదు, టూరిస్టుల కోసం పెట్టింది. కుటుంబంతో, పెద్దవాళ్లతో వెళ్తే ముందు తెలిస్తే మంచిది. మామూలుగా ఊద్ వాయిద్యం వాయించేవాళ్లుంటే అది వేరే సంగతి. రెండోది కుర్చీ. మొరాకన్ రెస్టారెంట్లలో దిండ్లు పరిచిన ఎత్తు తక్కువ సోఫాలు, పొట్టి బల్లలు ఉంటాయి. ఫొటోలో బాగుంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మీకి రెండు గంటలు అలా కూర్చోవడం శిక్ష. ఎత్తు కుర్చీల టేబుల్ కావాలని ముందే చెప్పండి. బట్టల విషయంలో సల్వార్, కుర్తా, బుర్ఖా దేనికీ అడ్డులేదు. అడ్డుపెట్టేది నిక్కర్లకూ రబ్బరు చెప్పులకూ.

బిల్లు

కార్డు తెరిచే లోపే నీళ్లతో మొదలవుతుంది ఖర్చు. "స్టిల్ వాటరా, స్పార్క్‌లింగా?" అని అడిగి విదేశీ సీసా తెచ్చి మూత తీసేస్తారు. ధర తెలిసేది చివర్లో. లోకల్ వాటర్ చాలు అని మొదటే చెప్పేయండి.

నలుగురు వెళ్తే నాలుగు మెయిన్ డిష్‌లు అక్కర్లేదు. మొరాకో భోజనం మనలాగే నడుమ పెట్టుకుని పంచుకునేది. సలాడ్లు ఒక సెట్, బస్తీలా ఒకటి లేదా హరీరా రెండు గిన్నెలు, తాజిన్ రెండు, కుస్‌కుస్ ఒకటి. చాయ్ ఒక కెటిల్. ఇది నలుగురికి నిండైన భోజనం. మిగిలితే ప్యాక్ చేయమనండి, చేస్తారు. చాలా హోటళ్లు మెనూ, ధరలు వెబ్‌సైట్‌లోనే పెడతాయి. పిల్లలు ముందురోజే చూసుకుని ఏం చెప్పాలో తేల్చుకుని, ధరలు లేకుండా పేర్లు మాత్రం అమ్మీఅబ్బాలకు చెబితే వాళ్లకు ఆ లెక్కలుండవు. మన చుట్టాల్లో ఒకరు ఇలాగే చేశారు, "సెట్ భోజనం, ముందే కట్టేశా" అని అబద్ధం ఆడి మరీ.

యుఏఈలో 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది. హోటళ్లలో దానిపైన మునిసిపల్ ఫీజు, సర్వీస్ చార్జ్ కూడా ఉంటాయి. ఇవన్నీ కలిపిన ధరా, విడిగా వేస్తారా అన్నది మెనూ అడుగున చిన్న అక్షరాల్లో రాస్తారు. మన దేశంలో గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్ బిల్లుపై జీఎస్‌టీ 18 శాతం. సర్వీస్ చార్జ్ మాత్రం బలవంతంగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తీసేయమని అడిగే హక్కు ఉంది.

సామర్లకోటలోనే వండుకోవాలంటే

హోటల్‌లో కట్టే డబ్బులో ఎక్కువ భాగం ఆ గోడల చెక్కుడుకు, ఆ వడ్డనకు. కూర వరకు అయితే ఇంట్లో వస్తుంది. దొరకని వస్తువు ఒక్కటే, ఊరబెట్టిన నిమ్మకాయ, అది కూడా మనమే చేసుకోవచ్చు.

ఈ నిమ్మకాయకు మనతో పాత బంధుత్వం ఉంది. టాంజియర్‌లో 1304లో పుట్టిన ఇబ్న్ బతూతా హజ్ కోసం ఇల్లు వదిలి, తిరుగుతూ తిరుగుతూ 1333లో సింధు నది దాటి మన దేశం వచ్చాడు. ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేశాడు, మలబారు తీరం కూడా చూశాడు. తర్వాత చెప్పి రాయించిన యాత్రాగ్రంథంలో పెసరపప్పు కిచిడీ, బాదం పిస్తా వేసిన కీమా సమోసా రెండిటి గురించీ ఉంది. మామిడికాయ గురించీ చెప్పాడు. పచ్చిగా రాలిన కాయలను ఇక్కడివాళ్లు ఉప్పు వేసి ఊరబెడతారు, మా దేశంలో నిమ్మకాయలను చేసినట్టే అని. అంటే దాదాపు 700 ఏళ్ల కిందట ఒక మొరాకోవాడు మన ఊరగాయ చూసి తన ఇంటి జాడీ గుర్తుచేసుకున్నాడు.

చేసే విధానం తేలిక. పల్చటి తోలున్న పది నిమ్మకాయలు కడిగి తడి లేకుండా తుడవండి. కింద అంటిపెట్టుకుని ఉండేలా నాలుగు పక్షాలుగా చీల్చి, ఒక్కోదాంట్లో చెంచాడు రాళ్లుప్పు కూరండి. గాజు సీసాలో గట్టిగా నొక్కి పెట్టి, మునిగేదాకా ఇంకో నాలుగైదు కాయల రసం పిండండి. కారం, మెంతిపిండి, నూనె ఏవీ వద్దు. అలవాటున చెయ్యి కారం డబ్బా వైపు పోతుంది, ఆపుకోవాలి. నెల రోజులు కదుపుతూ ఉంచితే తోలు మెత్తబడి తేనె రంగుకు తిరుగుతుంది. వాడేటప్పుడు కడిగి, గుజ్జు తీసేసి తోలు మాత్రమే సన్నగా తరిగి వేయాలి.

కూరకు కిలో కోడిమాంసం తోలు తీసినది, పెద్ద ముక్కలుగా. రెండు ఉల్లిపాయలు తురిమి, చెంచాడు శొంఠిపొడి, అర చెంచా పసుపు, అర చెంచా మిరియాల పొడి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు కుంకుమపువ్వు, గుప్పెడు కొత్తిమీర, మూడు చెంచాల నూనె అన్నీ పట్టించి గంట ఉంచండి. ఉప్పు తగ్గించే వేయాలి, నిమ్మకాయలో బోలెడు ఉంది. మట్టి దాకలో సర్ది, పావు గ్లాసు నీళ్లు పోసి, బరువైన మూత పెట్టి సన్నటి సెగ మీద గంట వదిలేయండి. గ్యాస్ పొయ్యి మీద మట్టిపాత్ర నేరుగా పెడితే పగిలే ప్రమాదం ఉంది, అడుగున పాత ఇనప పెనం వేసి దానిమీద పెట్టండి. మధ్యలో మూత తీసి తీసి చూడొద్దు, ఆవిరి పోతే ఆ పద్ధతికే అర్థం లేదు. చివరి పది నిమిషాల్లో ఒక నిమ్మకాయ తోలు, కాకినాడ సూపర్ మార్కెట్లలో సీసాల్లో దొరికే పచ్చ ఆలివ్‌లు డజను వేసి, గ్రేవీ కూరకు అంటుకునేలా దగ్గరకు రానివ్వండి.

రొట్టెతో తినమన్నా మన ఇంట్లో ఎవరూ వినరు, బగారా అన్నంలోకే కలుపుకుంటారు. అదీ బాగానే ఉంటుంది. సీసాలో మిగిలిన ఉప్పు రసం పారబోయకండి, కీరా ముక్కల మీద చెంచాడు చల్లుకోవచ్చు, చేప ముక్కలకు పట్టించి వేయించుకోవచ్చు.